భాష రాని దేశంలో పళ్ళకు క్లిప్పులు వేయించుకోవడం ఎలా? నల్లగొండ, పాలమూరు వాళ్ళ కోసం

మిర్యాలగూడ నుంచి జర్మనీకి ఎం.ఎస్. చదవడానికి వెళ్ళిన అమ్మాయి, నారాయణపేట నుంచి సౌదీకి ఉద్యోగానికి వెళ్ళిన యువకుడు, జపాన్‌లో కాపురం పెట్టి పిల్లవాణ్ణి అక్కడి బడిలో చేర్చిన కల్వకుర్తి తల్లి. ఇలాంటి వాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఇక్కడ పళ్ళకు క్లిప్పులు వేయించుకోవచ్చా, వాళ్ళ మాట అర్థం కాకపోతే ఎలా?

వేయించుకోవచ్చు. అయితే ఇది పుచ్చిపన్ను పీకించుకోవడం లాంటి ఒక్కరోజు పని కాదు. క్లిప్పుల వైద్యం మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి వెళ్ళి చూపించుకోవాలి. పైగా కుర్చీలో వెనక్కి వాలాక నోరు తెరిచే ఉంటుంది కాబట్టి, అక్కడి భాష అనర్గళంగా వచ్చినవాళ్ళు కూడా ఏమీ మాట్లాడలేరు. అందుకే ముఖ్యమైన నిర్ణయాలన్నీ కుర్చీ ఎక్కకముందే జరిగిపోవాలి. అవి మాటల్లో కాకుండా కాగితం మీద, అంకెల్లో, బొమ్మల్లో ఉండాలి. కింద చెప్పినవన్నీ ఆ పని కోసమే.

మొదట తేల్చుకోవలసింది: అక్కడే మొదలుపెట్టాలా?

ఆ ఊళ్ళో మీరు కనీసం రెండేళ్ళు కదలకుండా ఉంటారా? ఉండకపోతే మొదలుపెట్టకండి. ఎం.ఎస్. రెండేళ్ళే కదా అనుకుంటారు, కానీ మూడో సెమిస్టరులో ఇంటర్న్‌షిప్ ఇంకో నగరంలో దొరుకుతుంది, ఆ తర్వాత ఉద్యోగం మరో చోట. సగంలో ఉన్న వైద్యాన్ని అందుకోవడానికి కొత్త డాక్టర్లు అంత సులభంగా ఒప్పుకోరు, ఒప్పుకున్నా లెక్క మళ్ళీ మొదటినుంచి వేస్తారు. ఇంతకంటే చెడ్డ ఆలోచన ఇంకొకటి ఉంది. విమానం ఎక్కడానికి మూడు నెలల ముందు ఇక్కడ క్లిప్పులు వేయించుకుని, "సెలవులకు వచ్చినప్పుడు బిగించుకుంటాను" అనుకోవడం. చూసేవాళ్ళు లేకుండా నెలల తరబడి నోట్లో ఉన్న తీగ పళ్ళను ఎటు తీసుకెళుతుందో దాని ఇష్టం. బ్రాకెట్ల (తీగను పట్టి ఉంచడానికి పంటికి అతికించే చిన్న బిళ్ళల) చుట్టూ పాచి చేరి పంటి మీద తెల్లమచ్చలు పడతాయి, చిగుళ్ళు వాస్తాయి.

డబ్బు సంగతి దేశాన్ని బట్టి, వయసును బట్టి మారుతుంది. జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు, పళ్ళ వంకర వాళ్ళ కొలమానంలో 3వ స్థాయి లేదా ఆపైన ఉంటే ఖర్చు భరిస్తుంది. అయితే 20 శాతం ముందు మీరు కట్టాలి (ఒకే ఇంట్లో రెండో పిల్లవాడికీ వైద్యం జరుగుతుంటే అతనికి 10 శాతం), వైద్యం పూర్తిచేస్తేనే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. మధ్యలో మానేస్తే రాదు. పెద్దవాళ్ళకు మాత్రం దవడకు ఆపరేషన్ అవసరమైనంత తీవ్రమైన లోపం ఉంటేనే. ఫ్రాన్స్‌లో పదహారేళ్ళు నిండకముందే మొదలుపెడితే బీమా కొంత ఇస్తుంది. బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్ళలోపు వారికి, అవసరం తగినంత ఉందని తేలితే ఉచితం. జపాన్‌లో కొన్ని పుట్టుకతో వచ్చే లోపాలకూ, దవడ ఆపరేషన్‌తో కూడిన వైద్యానికీ తప్ప మామూలు క్లిప్పులకు ప్రభుత్వ బీమా వర్తించదు. గల్ఫ్‌లో కంపెనీ ఇచ్చే బీమా కార్డు సాధారణంగా క్లిప్పులను మినహాయిస్తుంది. కార్డు ఉంది కదా అని ముందే సంబరపడకుండా పాలసీ కాగితంలో ఆ మాట వెతకండి.

డాక్టరును చూడకుండానే పోస్టులో అలైనర్లు (తీగకు బదులు పళ్ళకు తొడుక్కునే పారదర్శక తొడుగులు) తెప్పించుకునే పద్ధతి భాష రానివాళ్ళకు తేలిక దారిలా కనిపిస్తుంది. ఆ దారికి నేను ఒప్పుకోను. అమెరికాలో ఈ వ్యాపారంలో అతిపెద్ద పేరైన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో ఒక్కసారిగా మూతపడింది. అప్పటికి వైద్యం మధ్యలో ఉన్నవాళ్ళు మధ్యలోనే మిగిలిపోయారు.

బయలుదేరకముందు ఇక్కడ చేయవలసినవి

మీ దగ్గరి పళ్ళ కాలేజీకి వెళ్ళండి. నల్లగొండ వైపు వాళ్ళకు నార్కట్‌పల్లిలో కామినేని, పాలమూరు వైపు వాళ్ళకు మహబూబ్‌నగర్‌లో ఎస్.వి.ఎస్., హైదరాబాద్ దగ్గరనుకుంటే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. ఆర్థోడాంటిక్స్ (పళ్ళ వంకర సరిచేసే) విభాగంలో చూపించుకుని, పుచ్చిన పళ్ళకు సిమెంటు పెట్టించుకుని, చిగుళ్ళు శుభ్రం చేయించుకోండి. పుచ్చులూ చిగుళ్ళ వాపూ ఉన్న నోటికి ఏ దేశంలోనూ క్లిప్పులు వేయరు. ఆ పనులు పరాయి దేశంలో చేయించుకుంటే ఖర్చూ ఎక్కువ, భాష తంటా అదనం.

తర్వాత మీ నోటి రికార్డు మొత్తం తీయించుకోండి: నోరంతా ఒకే ఫిల్ములో కనిపించే ఓ.పి.జి. ఎక్స్‌రే, తల పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్, ముఖమూ పళ్ళూ కనిపించే ఫొటోలు, స్కానర్ ఉన్నచోట ఎస్.టి.ఎల్. ఫైలుగా పళ్ళ డిజిటల్ నమూనా. ఎక్స్‌రేను సెల్‌ఫోనుతో ఫొటో తీసి సరిపెట్టుకోవద్దు, అసలు ఫైలు అడగండి. అన్నీ మీ ఈమెయిలుకు పంపించుకోండి. అక్కడి డాక్టరు పాత ఎక్స్‌రేను ఒప్పుకుంటే రేడియేషన్ ఒకసారి తప్పుతుంది, ఒప్పుకోకపోయినా పళ్ళు మొదట ఎలా ఉన్నాయనడానికి సాక్ష్యం మిగులుతుంది.

ఈ సాక్ష్యం మన ప్రాంతం వాళ్ళకు ఇతరులకంటే ఎక్కువ అవసరం.

గార పళ్ళ సంగతి

మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ చుట్టుపక్కల బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద సుద్దలాంటి తెల్లని చారలో, పసుపు, గోధుమరంగు మచ్చలో ఉండడం మనకు వింత కాదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. ఆ పరిమితి దాటిన బోరు నీటితో పెరిగిన పిల్లలకు ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) తయారయ్యే వయసులోనే, అంటే సుమారుగా ఎనిమిదేళ్ళలోపే, ఈ మచ్చలు ఖాయమైపోతాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్ళు ఊళ్ళకు వచ్చాయి. కానీ ఇప్పుడు ఇరవై దాటి విదేశాలకు వెళుతున్నవాళ్ళ పళ్ళు అంతకుముందే తయారయ్యాయి.

జర్మనీలోనో జపాన్‌లోనో ఉన్న డాక్టరు ఇలాంటి పళ్ళను తన వృత్తిలో చాలా తక్కువగా చూసి ఉంటాడు. చూసి, "సరిగా తోముకోరు" అనో, పుచ్చు మొదలైందనో అనుకోవచ్చు. మీకు అతని భాష రాదు, అతనికి మీ ఊరి నీళ్ళ సంగతి తెలియదు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఆఫ్రికాలో టాంజానియా దాకా ఆ పద్ధతి వెళ్ళింది. నీటి ఇంజనీర్లకు మన జిల్లా పేరు తెలుసు, పళ్ళ డాక్టర్లకు తెలిసి ఉంటుందని మాత్రం ఆశపడవద్దు.

అందుకని ఇక్కడి డాక్టరు చేత ఒక కాగితం రాయించుకోండి. అందులో "డెంటల్ ఫ్లోరోసిస్" అన్న పేరు, దాని తీవ్రత, ఏయే పళ్ళ మీద ఉందో ఉండాలి. ఆ పేరు అన్ని దేశాల డాక్టర్లకూ అర్థమవుతుంది. ఇది ఎందుకంత ముఖ్యమో రెండు కారణాలు చెబుతాను.

ఒకటి, క్లిప్పు అంటుకునే తీరు. బ్రాకెట్టు అతికించేముందు పంటిని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కాసేపు గరుకుచేస్తారు. ఫ్లోరైడ్ ఎక్కువగా చేరిన ఎనామిల్ పైపొర ఆమ్లానికి తేలికగా లొంగదు. గార తీవ్రంగా ఉన్న పళ్ళ మీద బ్రాకెట్లు మాటిమాటికీ ఊడిపోతాయి. ముందే తెలిస్తే డాక్టరు పైపొరను కొద్దిగా అరగదీయడమో, ఆమ్లం ఎక్కువసేపు ఉంచడమో, వేరే రకం జిగురు వాడడమో చేస్తాడు. తెలియకపోతే, ఊడిన ప్రతిసారీ మీరు గట్టివి తిన్నారని అనుమానిస్తాడు. కొన్నిచోట్ల ఊడిన బ్రాకెట్టుకు విడిగా బిల్లు కూడా వేస్తారు.

రెండు, క్లిప్పులు తీసేశాక వచ్చే వివాదం. బ్రాకెట్ల చుట్టూ సరిగా శుభ్రం చేసుకోకపోతే తెల్లమచ్చలు పడతాయని చెప్పాను కదా. మీ మచ్చలు ముందునుంచీ ఉన్నవని చూపించడానికి ఫొటోలు లేకపోతే మీరూ డాక్టరూ ఒకరినొకరు అనుమానించుకుంటూ విడిపోతారు. సహజమైన వెలుతురులో, పెదవులు బాగా పక్కకు లాగి, ఎదురుగా ఒకటి, రెండు పక్కలనుంచి చెరొకటి ఫొటో తీయించుకోండి.

ఇంకో చిన్న మాట. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు ఇస్తే "మాకు ఫ్లోరైడ్ వల్లే ఈ గతి పట్టింది" అని మనవాళ్ళు పారేస్తుంటారు. ఎదిగిన పళ్ళకు పేస్టు వల్ల కొత్తగా గార రాదు. క్లిప్పులు ఉన్నప్పుడు పుచ్చును ఆపేది ఆ పేస్టే. తోముకుని ఉమ్మేయండి.

డాక్టరును వెతకడం

మామూలు పళ్ళ డాక్టరు కాదు, ఇదే ప్రత్యేక శాస్త్రంగా చదివినవారు కావాలి. జర్మన్‌లో వారిని కీఫర్‌ఓర్తోపేడె అంటారు (ఉత్త ఓర్తోపేడె దగ్గరికి వెళితే మోకాలు చూస్తారు). ఫ్రాన్స్‌లో ఓర్తోదోంటిస్త్, రష్యన్ మాట్లాడే చోట్ల ఓర్తోదోంత్, అరబ్ దేశాల్లో బోర్డు మీద తఖ్వీముల్ అస్నాన్, జపాన్‌లో క్యోసెయి షికా. ఇంటర్నెట్టులో వెతికేటప్పుడు ఆ దేశపు లిపిలోనే వెతకండి, ఫలితాలు చాలా మారతాయి.

జర్మనీ, ఫ్రాన్స్‌లలో డాక్టోలిబ్ అనే అపాయింట్‌మెంట్ల యాప్‌లో డాక్టరు మాట్లాడే భాషను బట్టి వడకట్టుకునే వీలుంది. ఇంగ్లిష్ పెట్టి చూడండి. విశ్వవిద్యాలయాల దంత విభాగాల్లో ఇంగ్లిష్ వచ్చిన డాక్టర్లు దొరికే అవకాశం ఎక్కువ, కాకపోతే నిరీక్షణ కూడా ఎక్కువే. గల్ఫ్‌లో మీ భాషా సమస్య సగం పరిష్కారమైనట్టే. క్లినిక్కుల్లో భారతీయ డాక్టర్లు చాలామంది, ఉర్దూ, హిందీ నడుస్తాయి. పాలమూరు వాళ్ళకు ఉర్దూ ఎలాగూ చెవిన పడిందే. డాక్టరుకు ఇంగ్లిష్ వస్తే సరిపోదని మాత్రం గుర్తుంచుకోండి. మీతో ఎక్కువసేపు మాట్లాడేది, ఫోను ఎత్తేది, బిల్లు వేసేది ముందు బల్ల దగ్గర కూర్చున్నవారు. మొదటి ఫోనులోనే వారితో ఎలా నెగ్గుకురాగలరో పరీక్షించుకోండి. ఫోను కుదరకపోతే ఈమెయిలు రాయండి. రాతలో వచ్చిన జవాబును తీరిగ్గా అనువదించుకోవచ్చు.

మధ్యలో మాట చెప్పేవారు ఎవరు?

వలస కుటుంబాల్లో అందరికంటే ముందు భాష వచ్చేది పిల్లలకే. అందుకని చాలా ఇళ్ళలో పిల్లవాడే దుబాసీ. ఇక్కడ మాత్రం ఆ పని పెట్టకండి, ముఖ్యంగా క్లిప్పులు వేయించుకునేది ఆ పిల్లవాడే అయితే. "క్లిప్పులకు తగిలించే రబ్బర్లు రోజంతా ఉంచుకోవాలి, తినేటప్పుడే తీయాలి" అని డాక్టరు చెబితే, "రాత్రి పెట్టుకోమన్నారు" అని అమ్మకు చెప్పడానికి వాడికి బోలెడు కారణాలు ఉంటాయి.

తెలిసినవారిలో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే మొదటి సంప్రదింపుకూ, ఒప్పందం రోజుకూ తీసుకెళ్ళండి. ఆ రెండు రోజులు చాలు, ప్రతి నెలా అవసరం లేదు. వెళ్ళేముందు వారికి మీ ప్రశ్నల కాగితం ఇచ్చి చదివించండి. మీ మాటను మీ మాటగానే చెప్పమనండి, "ఆయన ఒప్పుకున్నాడులే" అని తమ సొంత తీర్పు కలపవద్దని ముందే చెప్పండి. మొహమాటపడవద్దు, నోరు మీది.

ఎవరూ లేకపోతే ఇంకో మంచి ఉపాయం ఉంది. ఇక్కడ మీకు పరీక్షలు చేసిన డాక్టరు, అక్కడి డాక్టరు ఇంగ్లిష్‌లో ఈమెయిలు ద్వారా మాట్లాడుకోవడం. మీరూ నేనూ గంటసేపు తంటాలుపడే విషయాన్ని ఇద్దరు నిపుణులు నాలుగు వాక్యాల్లో తేల్చేస్తారు. ఫోనులో కలపాలనుకుంటే సమయం చూసుకోండి: జర్మనీ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది.

ఫోనులోని అనువాద యాప్ పనికొస్తుంది, దానికి తగ్గట్టు మాట్లాడితే. ఒక వాక్యంలో ఒక్క సంగతే చెప్పండి. "నొప్పి లేకపోలేదు" లాంటి మెలికలు వద్దు, "నొప్పి ఉంది" అనండి. మీకు ఇంగ్లిష్ రాయడం వస్తే తెలుగులోంచి కాకుండా ఇంగ్లిష్‌లోంచి అనువదించండి, తప్పులు తగ్గుతాయి. వచ్చిన వాక్యాన్ని తిరిగి తెలుగులోకి తిప్పి చూడండి, అర్థం మారిపోతే వాక్యం ఇంకా చిన్నది చేయండి. క్లినిక్కులో ఇంటర్నెట్ అందకపోవచ్చు కాబట్టి ఆ భాషను ముందే ఫోనులో దింపుకోండి. సంభాషణ రికార్డు చేసుకోవాలంటే తప్పకుండా అనుమతి అడగండి. జర్మనీలో అడగకుండా రికార్డు చేయడం నేరం.

అంకెలు కూడా మోసం చేస్తాయి

పన్ను పీకే నిర్ణయాన్ని ఎప్పుడూ అనువాదం మీద వదలకండి. ఎత్తు పళ్ళకూ, పన్ను మీద పన్ను వచ్చినవాళ్ళకూ చోటు చేయడం కోసం కోరపంటి వెనక పళ్ళు నాలుగు తీయించడం మామూలే. తీసిన పన్ను మళ్ళీ రాదు కాబట్టి ఏ పన్నో మీకే తెలియాలి.

మన దేశంలోనూ, యూరప్‌లోనూ వాడే పద్ధతి తేలిక. నోటిని నాలుగు భాగాలు చేస్తారు. మీ కుడివైపు పైన 1, ఎడమవైపు పైన 2, ఎడమవైపు కింద 3, కుడివైపు కింద 4. ప్రతి భాగంలోనూ ముందు పంటినుంచి వెనక్కి 1 నుంచి 8 దాకా లెక్క. కోరపన్ను 3, జ్ఞానదంతం 8. అంటే 14 అంటే కుడివైపు పైన నాలుగో పన్ను. దాన్ని పద్నాలుగు అని కాకుండా ఒకటి, నాలుగు అని విడివిడిగా చదవాలి. పైన చెప్పిన ఆ నాలుగు పళ్ళూ 14, 24, 34, 44.

ఇక్కడే రెండు గోతులు ఉన్నాయి. అమెరికాలో పళ్ళను 1 నుంచి 32 దాకా వరుసగా లెక్కపెడతారు. ఇక్కడి చీటీలో 14 అని ఉంటే అక్కడి లెక్కలో అది ఎడమవైపు పైనున్న పెద్ద దవడపన్ను! మన 14, 24, 34, 44 వాళ్ళకు 5, 12, 21, 28. రెండో గొయ్యి జర్మన్, అరబిక్ వాళ్ళు సంఖ్యలు పలికే తీరు. వాళ్ళు 24ను "నాలుగూ ఇరవై" అని ఒకట్లు ముందుగా చెబుతారు. కొత్తగా నేర్చుకునేవారి చెవికి అది 42లా వినిపిస్తుంది. 24 తీయవలసిన పన్ను, 42 కిందివరుసలో ముందు పన్ను. అందుకే సంఖ్యను చెవితో వినవద్దు, కాగితం మీద రాయించుకోండి. పీకించుకునే రోజు అద్దం తీసుకుని, ఆ పంటిని వేలితో తాకి చూపించి, డాక్టరు తల ఊపాకే నోరు తెరవండి. సాధారణంగా క్లిప్పులు వేసే డాక్టరు ఒకరు, పళ్ళు తీసేవారు వేరొకరు కాబట్టి చీటీ చేతులు మారుతుంది. అలా మారేచోటే ఈ జాగ్రత్త మరీ అవసరం.

డబ్బు కాగితంలోనూ ఇదే గొడవ. జర్మనీలో 1.200 అని రాస్తే అది పన్నెండు వందలు, ఒకటిన్నర లోపు సంఖ్య కాదు. అక్కడ చుక్క వేలను విడదీస్తుంది, కామా దశాంశం. సమయం విషయంలో "హల్ప్ నొయిన్" అంటే ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర అనుకుని వెళితే గంట ఆలస్యం. తేదీ, గంట రెండూ కార్డు మీద రాసి ఇమ్మనండి.

ఒప్పందం రోజు

డాక్టరు పరీక్షలన్నీ అయ్యాక వైద్య ప్రణాళిక, ఖర్చు కాగితం ఇస్తారు. అక్కడికక్కడే సంతకం చేయకండి. ఇంటికి తీసుకెళ్ళి యాప్ కెమెరాతో పేజీ పేజీ చదవండి, అర్థంకాని వాక్యాల కింద గీత గీయండి. వారం రోజులు ఆగినంత మాత్రాన పళ్ళు పారిపోవు.

మీ ప్రశ్నలు ముందే అక్కడి భాషలో రాయించుకుని, పక్కన జవాబుకు ఖాళీ వదిలి ఇవ్వండి. పళ్ళు తీయాలా, తీస్తే ఏ నంబర్లు? ఎన్ని నెలలు? మొత్తం ఖర్చులో చివర ఇచ్చే రిటైనర్లు (సరిచేసిన పళ్ళు కదలకుండా పట్టి ఉంచేవి), ఊడిన బ్రాకెట్లు, క్లిప్పులు తీసే రోజు పని కలిసి ఉన్నాయా? నేను వేరే ఊరికి మారితే కట్టిన డబ్బులో ఎంత తిరిగిస్తారు, రికార్డులు ఇస్తారా? డాక్టరు సెలవులో ఉన్నప్పుడు ఎవరికి ఫోను చేయాలి? (ఫ్రాన్స్, ఇటలీలలో ఆగస్టులో చాలా క్లినిక్కులు మూసి ఉంటాయి.) బీమా ఇచ్చేదేదైనా ఉంటే వాళ్ళ ఆమోదం రాకముందు వైద్యం మొదలుపెట్టవద్దని కూడా రాయండి.

ఇదే కాగితం వెనక మీ ఆరోగ్య వివరాలు ఉండాలి. నికెల్ నగలు పెట్టుకుంటే దురద వచ్చేవాళ్ళు తప్పక చెప్పాలి, ఎందుకంటే తీగల్లో, బ్రాకెట్లలో నికెల్ ఉంటుంది. రబ్బరు తొడుగులు పడనివాళ్ళు కూడా అంతే. మధుమేహం, గుండె కవాటాల జబ్బు, గర్భం, మూర్ఛ మందులు, ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు, గుట్కా, జర్దా అలవాటు, ఏదీ దాచవద్దు. మందుల పేర్లు కంపెనీ పేరుతో కాకుండా మందు అసలు పేరుతో రాయండి. డోలో అంటే అక్కడ ఎవరికీ తెలియదు, పారాసిటమాల్ అనాలి, అమెరికాలో అయితే అసిటమినోఫెన్.

కుర్చీలో ఉన్నప్పుడు

చేతి సైగలు ముందే కుదుర్చుకోండి. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపమని, బొటనవేలు పైకెత్తితే సరేనని. మనవాళ్ళు సరే అనడానికి తలను పక్కలకు ఆడిస్తాం చూడండి, ఆ అలవాటును మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళండి. యూరప్ డాక్టరుకు అది కాదన్నట్టో, ఏమీ తేల్చుకోలేనట్టో కనిపిస్తుంది.

వెళ్ళిపోయేముందు ఇంట్లో చేయవలసిన పనిని చేసి చూపించమనండి, తర్వాత వారి ఎదురుగా మీరు చేసి చూపించండి. రబ్బర్లు ఏ పంటినుంచి ఏ పంటికి తగిలించాలో ఫొటో తీసుకోండి. కొన్ని కంపెనీలు రబ్బర్ల ప్యాకెట్ల మీద సైజుకో జంతువు బొమ్మ వేస్తాయి, అయిపోయినప్పుడు ఆ బొమ్మ చూపిస్తే చాలు. పిల్లల అంగిలి వెడల్పు చేసే సాధనం ఇస్తే తాళంచెవి రోజుకు ఎన్నిసార్లు, ఎటువైపు, ఏ తేదీదాకా తిప్పాలో రాయించుకుని వీడియో తీయండి. ఎక్కువ తిప్పితే ప్రమాదం కాబట్టి ఇందులో ఊహకు తావివ్వకండి.

తిండి, నొప్పి, అర్ధరాత్రి అవసరాలు

పసుపు గురించి ఏ పరాయి డాక్టరూ హెచ్చరించడు. బ్రాకెట్టు చుట్టూ పారదర్శకమైన రబ్బరు రింగులు వేస్తే ఒక్క పప్పు, ఒక్క కూర తినగానే పచ్చబడతాయి. బూడిదరంగువో ముదురు రంగువో అడగండి. అలైనర్లు పెట్టుకుని తినడం ఎలాగూ కుదరదు. సంక్రాంతికి ఇంటినుంచి వచ్చే సకినాల డబ్బా బ్రాకెట్లకు పెద్ద శత్రువు. పల్లీలు, వేయించిన మక్కజొన్నలు, చెరుకు, మామిడికాయ పచ్చడిలోని టెంక ముక్క కూడా అంతే. జొన్నరొట్టెను కూరలో నానబెట్టి, జామకాయను సన్నగా కోసి తినండి.

బిగించిన రోజునుంచి రెండుమూడు రోజులు పళ్ళు సలుపుతాయి, అది మామూలే. పారాసిటమాల్ చాలు. ఇక్కడినుంచి నొప్పి మాత్రలు మోసుకెళ్ళేటప్పుడు జాగ్రత్త. ట్రమడాల్ కలిసిన మాత్రలు గల్ఫ్‌లో నియంత్రిత మందు, చీటీ లేకుండా సంచిలో దొరికితే చిక్కుల్లో పడతారు.

తీగ కొస బుగ్గకు గుచ్చుకుంటే మైనం ముక్క అద్దండి. బ్రాకెట్టు ఊడి తీగకు వేలాడుతుంటే లాగవద్దు, ఫొటో తీసి క్లినిక్కుకు పంపండి. ఆ ఫొటో ఏ భాషలో రాసిన ఉత్తరంకంటే బాగా చెబుతుంది. ముక్క మింగేసినా సాధారణంగా కడుపులోంచి వెళ్ళిపోతుంది. దగ్గు ఆగకపోయినా, ఊపిరి అందకపోయినా, ముఖం వాచి జ్వరం వచ్చినా వేచి చూడవద్దు. యూరప్‌లో 112, అమెరికాలో 911, జపాన్‌లో 119, సౌదీలో 997, యు.ఎ.ఇ.లో 998. మీ ఇంటి చిరునామా అక్కడి భాషలో పలకడం మాత్రం ఈ రోజే నేర్చుకోండి. అంబులెన్సుకు ముందు కావలసింది అదే.

మధ్యలో వచ్చేయవలసివస్తే

ఉద్యోగం పోయినా, వీసా ముగిసినా క్లిప్పులతోనే వచ్చేయవలసి రావచ్చు. రెండు మూడు వారాల ముందే క్లినిక్కుకు చెప్పి రికార్డులన్నీ అడగండి: మొదటి ఎక్స్‌రేలు, ఇప్పటి ఫొటోలు, వైద్య ప్రణాళిక, బ్రాకెట్ల రకం, వాటి గాడి 0.018 అంగుళాలా 0.022 అంగుళాలా, ఇప్పుడు వేసిన తీగ కొలత. గాడి కొలత తెలియకపోతే ఇక్కడి డాక్టరు సరైన తీగ వేయలేక బ్రాకెట్లన్నీ మార్చవలసి రావచ్చు.

వైద్యం పూర్తయితే రిటైనర్ ఇస్తారు. దాన్ని పెట్టుకోకపోతే పళ్ళు మళ్ళీ పాత దారి పడతాయి. ఎన్ని గంటలు, ఎన్నేళ్ళు అన్నది రాయించుకోండి. చాలామందికి రాత్రిపూట ఏళ్ళ తరబడి అవసరమే. వేడినీళ్ళతో కడిగితే వంకరపోతుంది. విమానంలో భోజనానికి తీసినప్పుడు కాగితపు రుమాలులో చుట్టి ట్రే మీద పెట్టవద్దు, డబ్బాలో పెట్టి చేతిసంచిలో వేసుకోండి. ఒకవేళ పోతే, చివరిరోజు తీసిన స్కాన్ ఫైలుతో మహబూబ్‌నగర్‌లోనైనా కొత్తది చేయించవచ్చు, కానీ ఆలస్యం చేయకుండా వెళ్ళండి, పళ్ళు కదిలిపోతే అది సరిగ్గా పట్టదు.